సమస్యాపూరణం: కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

ఇదే నాలుగో పాదం కావాలి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) నాలుగో గణం మొదటి అక్షరానికి, ప్రాస అక్కర్లేదు, యతికి బదులు ప్రాసయతి వేసుకోవచ్చు. సందర్భం మాత్రం ఒక్కటే: విదేశాలకు వెళ్లినవాళ్లు తమవాళ్ల కోసం జ్ఞాపికలు, కానుకలు తీసుకురావడం. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఎవరికి ఏం కొనలేదో గుర్తొచ్చి పడే టెన్షన్ నాకు బాగా తెలుసు, విమానాశ్రయంలో ఆఖరి గంటలో ఒకేలాంటి తాళంచెవి గొలుసులు ఆరు కొన్నాను కూడా. వాటిలో ఒక్కటీ ఎవరి దగ్గరా కనబడలేదు. ఈ పాదం అందులోంచే పుట్టింది. కొనకుండా తేవడం అనగానే దొంగతనం గుర్తొస్తుంది, అలాంటి పూరణలు రెండు వచ్చాయి, వాటిని తీసుకోలేదు.

ఒక సభ్యురాలు:
గురువుగారూ, నా ప్రయత్నం. వెనిస్ పక్కన మురానో ద్వీపంలో గాజు కొలిమి చూశాను. అగ్ని ప్రమాదాల భయంతో 1291లో కొలిములన్నిటినీ నగరం నుంచి ఆ ద్వీపానికి తరలించారట.

గాజు కొలిమిని చూచితి గడియసేపు
ధరలు విని గుండె ఝల్లన తరలివచ్చి
అమ్మకా మంట సొగసుల నల్లినాను
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, గణాలూ యతులూ సరిపోయాయి. రెండు మాటలు చెప్తాను. 'వచ్చి' క్త్వార్థం (అసమాపక క్రియ), దానికి సంధి లేదు కాబట్టి యడాగమం వస్తుంది, అంటే మధ్యలో 'య' చేరుతుంది, మూడో పాదం 'యమ్మకా' (అమ్మకు ఆ) అని మొదలవ్వాలి. అచ్చుకే యతి చెల్లుతుంది గనుక యతికి ఇబ్బంది లేదు. రెండోది అర్థానికి సంబంధించింది. సొగసుల్ని దేంతో అల్లారు? దారంతోనా, రంగులతోనా? చదివేవాడికి అక్కడ అడ్డుపడుతుంది. 'సొగసుల' తీసేసి 'మాటల' వేసి చూడండి:

యమ్మకా మంట మాటల నల్లినాను

మంటను మాటలతో అల్లడం అన్నప్పుడు కొనకుండా తెచ్చిందేమిటో పద్యంలోనే తేలిపోతుంది.

అదే సభ్యురాలు:
ఈ మార్పు చాలా బాగుంది, తీసుకుంటున్నాను. మరో మాట, ఎవరైనా అక్కడ గాజు కొనదలిస్తే 'వెత్రో ఆర్టిస్టికో మురానో' అనే గుర్తు ఉందో లేదో చూసుకోండి. వెనెటో ప్రాంతీయ ప్రభుత్వం 1994 నాటి చట్టంతో తెచ్చిన గుర్తు అది. ఆ దుకాణాల్లో కనబడే గాజంతా ఆ ద్వీపంలో చేసింది కాదు, ఎక్కడ చేశారని అడిగితే మొహం చిట్లించే చోట కొనకపోవడమే మంచిది.

మరో సభ్యుడు:
నాది ఇది.

కడలి యొడ్డున గవ్వలు కంటబడగ
నేరి నింపితి సంచిలో నిసుకతోడ
చెల్లి కూతురు మురిసెను చేత బట్టి
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

మొదటి సభ్యురాలు:
తమ్ముడూ, పద్యం హాయిగా నడిచింది, ఎక్కడా తడబాటు లేదు. కానీ విషయం దగ్గర నేను ఆగిపోయాను. ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో తీరం నుంచి ఇసుక, గులకరాళ్లు, గవ్వలు తీసుకుపోవడం నేరం, 2017లో వచ్చిన ప్రాంతీయ చట్టం ప్రకారం 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా. వేలమంది తలా పిడికెడు పట్టుకుపోతే ఆ తీరం గతేమిటి? పగడాలు, తాబేటి డొప్పలు, ఏనుగు దంతం సంగతైతే ఇంకా తీవ్రం. 1973లో సంతకాలై 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం కింద సరిహద్దు దగ్గర వాటిని పట్టుకుంటారు, దుకాణంలో బహిరంగంగానే అమ్మారు కదా అంటే వినరు. మన పద్యం అలాంటి పనిని మెచ్చుకోకూడదని నా కోరిక.

పద్యం రాసిన సభ్యుడు:
నిజమే అక్కయ్యా, చిన్నపిల్ల ముఖం గుర్తొచ్చి రాసేశాను, తీరం సంగతి తోచలేదు. రెండు, మూడు పాదాలు మార్చాను.

కడలి యొడ్డున గవ్వలు కంటబడగ
నేరకే వాని రూపుల నింపుమీర
గీసి చిన్నారి మురియగ గేల నిడితి
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
ముందుదాని కంటే ఇదే గట్టి పద్యం. 'ఏరి' అన్నది 'ఏరకే' అయ్యేసరికి సమస్యలోని 'కొనక'కు జోడీ దొరికింది. గీ–కే యతి కూడా సరైనదే, 'కేల' (చేతిలో) అన్నదే సరళాదేశం వచ్చి 'గేల' అయింది. 'వాని' అంటే గవ్వల అని అర్థం చేసుకోవాలి, ఈ కాలపు పాఠకుడు 'అతని' అనుకోవచ్చు, అయినా ముందు పాదంలోనే గవ్వలు ఉన్నాయి కాబట్టి ఉంచేయవచ్చు.

ఇంకో సభ్యుడు:
నాకు నిజంగా జరిగింది రాశాను. కుదిపితే లోపల మంచు కురిసే గాజు గోళం, వియన్నాలో 1900 ప్రాంతంలో ఎర్విన్ పెర్జీ రూపొందించాడని చెప్పే ఆ బొమ్మ, పాప కోసం కొని చేతిసంచిలో పెట్టుకున్నాను. అందులో ఉన్నది ద్రవమే కదా, 100 మిల్లీలీటర్లు దాటిందని తనిఖీ దగ్గర తీసేసుకున్నారు. 2006 నుంచి చాలాచోట్ల ఉన్న నిబంధన ఇది, నేనే పట్టించుకోలేదు. పెద్ద సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టి ఉంటే ఇంటికి చేరేది. పాప ముందు ఖాళీ చేతులతో నిలబడాల్సి వస్తుందని విమానంలో నిద్ర పట్టలేదు, అప్పుడు ప్రయాణమంతా రాసుకున్న నోటు పుస్తకం గుర్తొచ్చింది.

మంచు కురిసెడి గోళము మంచిదనుచు
కొంటి, తనిఖీల దానిని గుంజుకొనిరి
దారి పొడవున వ్రాసిన తలపులిడితి
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
రెండో పాదంలో 'కొంటి' అని, నాలుగో పాదంలో 'కొనక' అనడం బాగా కుదిరింది. ఇన్ని పూరణల్లో కొన్నదీ కొననిదీ ఎదురెదురుగా నిలబడింది దీనిలోనే. 'తనిఖీ' అన్యదేశ్యమే (వేరే భాష నుంచి వచ్చిన మాటే), అయినా ఆ మాటకు బదులు 'శోధన' అంటే ఆ విమానాశ్రయం వరస కళ్లముందుకు రాదు. అలాగే ఉంచండి.

కొత్తగా చేరిన సభ్యురాలు:
పద్యం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పండి. హిరోషిమాలో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని కాగితంతో కొంగ చేయడం నేర్పించింది. భాష తెలీదు, నా వేళ్లు పట్టుకుని మడత పెట్టించింది.

కాగితంబును మడిచెడి కళను నేర్చి
వచ్చి నేర్పితి పిల్లలు సంతసింప
కొంగలెగిరెను మాయింట గోడమీద
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
మొదటిసారంటే నమ్మలేకపోతున్నానమ్మా. గణాలన్నీ కుదిరాయి, ఒక్క రెండో పాదంలో యతి తప్పింది: 'వ'కు 'సం'తో మైత్రి లేదు. 'పిల్లల వరుసబెట్టి' అనండి, సరిపోతుంది. పైగా 'సంతసింప' అనేది ఏ పద్యంలోనైనా దూరే మాట, 'వరుసబెట్టి' అంటే మీ ఇంట్లో పిల్లలు నేలమీద కూర్చున్న తీరు కనబడుతుంది.

ఇంకో సభ్యుడు:
నేను 'కొనక'ను విరిచి చూశాను గురువుగారూ.

ఎంత దూరము పోయిన నింటివారి
మనసు నెరిగిన యాతండు మౌనముగను
వారు పేరెత్తి యెన్నడు వలచి కోరు
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
మూడో పాదం చివర 'కోరు' పెట్టి 'కోరుకొనక' చేశారు, సమస్యను ఇలా మలుపు తిప్పడం నాకు చాలా ఇష్టం. కానీ వ్యాకరణం ఒప్పుకోదు. కోరుకోనిది ఇంటివారు, తెచ్చినది ఆతడు. 'కొనక' అన్న వ్యతిరేక క్త్వార్థానికీ 'తెచ్చిన'కీ కర్త ఒక్కరే కావాలి. విరుపు అలాగే ఉంచి, తెచ్చినవాడే చేయని పని ఏదైనా వెతకండి.

అదే సభ్యుడు:
రాత్రంతా అదే ఆలోచన. మా పెదనాన్నగారు ఏ దేశం వెళ్లొచ్చినా వస్తువు చేతికిచ్చి పక్కకు వెళ్లిపోయేవారు, ఎంతకు కొన్నదీ ఎంత తిరిగిందీ ఒక్కనాడూ అనలేదు. నాకిచ్చిన పెన్ను మీద ధర చీటీ గోటితో గీకేసిన గుర్తు ఇంకా ఉంది. ఆయన్ని తలుచుకుంటే పాదం దొరికింది.

ఎంత దూరము పోయిన నింటివారి
మనసు నెరిగిన యాతండు మౌనముగను
వెలను జెప్పక తనగొప్ప వీట చాటు
కొనక తెచ్చిన కానుకే గొప్పదయ్యె

నిర్వాహకుడు:
'చాటుకొనక తెచ్చిన'. కర్త ఒక్కడే, వె–వీ యతి సరి, దిద్దడానికి ఏమీ లేదు. పెదనాన్నగారు ఉంటే ఈ పద్యం ఆయనకు చదివి వినిపించండి.

అదే సభ్యుడు:
ఉన్నారండి. సాయంత్రం వెళ్తున్నాను.