డాలస్ ఆర్డర్లు తీసుకోవాలా, వద్దా? (ఇంటి పచ్చళ్ల వ్యాపారం)

సుజాత_తెనాలి:
నమస్కారమండీ. నాలుగేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో అమ్ముతున్నాను. వారానికి నలభై, యాభై డబ్బాలు హైదరాబాద్, బెంగళూరు పోతాయి. నాతో పాటు ముగ్గురు ఆడవాళ్లు చేస్తారు. ఇప్పుడు డాలస్, న్యూజెర్సీ వాళ్లు అడుగుతున్నారు. ఒకళ్లు చెబితే ఒకళ్లు, పోయిన నెలలో పదకొండు మంది. కొరియర్ అబ్బాయి "గిఫ్ట్ అని రాసి పంపేద్దాం, మీకెందుకు" అంటున్నాడు. మా ఆయన వద్దంటున్నారు. ఆవకాయ పెట్టేలోపు తేల్చుకోవాలి. కాయ ఎంత చెప్పాలో దాన్నిబట్టే.

పార్శిల్_శేషు:
తీసుకోండక్కా. మా షాపు నుంచి రోజూ వెళ్తున్నాయి. వాల్యూమ్ బరువు ఒక్కటి చూసుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. అదీ, కాటా బరువూ, ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40×30×30 పెట్టెలో ఐదు కేజీల పచ్చడి పెడితే 7.2 కేజీలకు కడతారు. గాజు సీసాలొద్దు. పైనూనె వంచేసి కవర్లో సీలు చేయించండి, లేకపోతే కారుతుంది.

డాలస్_కోడలు:
పైనూనె వంచేస్తే ఆవకాయ ఎన్నాళ్లుంటుందండీ? పోయినసారి నాకు అలాగే వచ్చింది. ముక్క ఎండిపోయి, పైన తెల్లగా బూజు.

లెక్కల_మాస్టారు:
నూనె సంగతి తర్వాత. సుజాత గారూ, గిఫ్ట్ అని రాయించవద్దు. అమ్మిన సరుకును కానుక అని రాయడం తప్పుడు డిక్లరేషన్. 800 డాలర్ల లోపు పార్శిలుకు సుంకం లేదన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. 100 డాలర్ల లోపు నిజమైన కానుకకే మినహాయింపు మిగిలింది. అప్పుడు మన తపాలా శాఖ కూడా సరుకు పార్శిళ్లు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది.
సక్రమంగా వెళ్లాలంటే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులకిచ్చే కోడ్ నంబరు, కావాలి. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్లో 500 రూపాయలు, పెద్ద పనేం కాదు. ఎగుమతికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే సెంట్రల్ లైసెన్సు ఉండాలి. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో సరుకు తయారుచేసే యూనిట్ నమోదు కావాలి, దానికి ఫీజు లేదు గాని అక్కడ ఏజెంటు ఒకరు ఉండాలి. సరుకు దిగేముందు ఎఫ్‌డీఏకు నోటీసు ఇవ్వాలి. పచ్చడి పులుపు కూడా కొలిపించి పెట్టుకోండి. అక్కడివాళ్లు చూసే గీత పీహెచ్ 4.6, దానికి మించకూడదు. పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది.

పార్శిల్_శేషు:
మాస్టారూ, ఇంట్లో చేసిన తిండి కానుకగా పంపితే ఆ నోటీసు అక్కర్లేదని ఎఫ్‌డీఏ రూల్లోనే ఉంది. చదవండి.

లెక్కల_మాస్టారు:
చదివాను. చేసిన మనిషే, వ్యాపారం కాకుండా, సొంత కానుకగా పంపితే అని ఉంది. ఆవిడ డబ్బు తీసుకుంటున్నారు.

పార్శిల్_శేషు:
డబ్బు కట్టేది తెనాలిలో ఉన్న నాన్నగారు, యూపీఐలో, రూపాయల్లో. అంటే అక్కకి ఇక్కడి అమ్మకమే. ఆయన కొన్నాడు, కూతురికి పంపుకున్నాడు. తప్పేముంది?

లెక్కల_మాస్టారు:
అప్పుడు పంపేవాడు ఆయన, చేసింది ఈవిడ. చేసిన మనిషే పంపాలన్న షరతు అక్కడే తెగింది.

కొత్త_సభ్యుడు_77:
చికెన్ పచ్చడి పంపొచ్చా?

లెక్కల_మాస్టారు:
వద్దు బాబూ. మాంసం పచ్చళ్లు మన దగ్గర్నుంచి అమెరికాకు రానివ్వరు.

గుంటూరు_వెంకట్:
నువ్వుల నూనె అయితే కారదా, పల్లీ నూనె అయితే కారదా?

డాలస్_కోడలు:
నేను పోయిన సెప్టెంబరులో గోంగూర, ఉసిరి, కాకరకాయ కారం చెప్పాను. పెట్టె ఆగింది. అమ్మినావిడ ఫోనెత్తలేదు. కొరియర్ వాళ్లేమో "అమ్మినవాళ్లనడగండి" అన్నారు. సుంకం కట్టమని మెయిలు మాత్రం నాకొచ్చింది, పెట్టె మీద నా పేరుందిగా. వీసా మీద ఉన్నవాళ్లం, ఎంత భయపడ్డామో మాకే తెలుసు. అమ్మేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

పార్శిల్_శేషు:
వందలో ఒకటి అలా అవుతుంది. దాన్ని పట్టుకుని అందర్నీ బెదరగొట్టకండి. మాస్టారూ, మీరు ఒక్క డబ్బా అయినా పంపారా ఎప్పుడైనా?

లెక్కల_మాస్టారు:
పంపాను. 2019లో. మా ఆవిడ కొట్టించిన కారం, పసుపు, కందిపొడి, మొత్తం 42 కేజీలు. కానుకలని రాశాడు కొరియర్ కుర్రాడు, నేను సంతకం పెట్టాను. అక్కడ పట్టుకుని నాశనం చేశారు. పద్నాలుగు మందికి డబ్బు తిరిగిచ్చాను. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఇచ్చాను. కుర్రాడు ఇంటికొచ్చి "సారీ సార్" అని వెళ్లాడు. ఆ తర్వాత ఆవిడ రోకలి ముట్టుకోలేదు.

పార్శిల్_శేషు:
మీకు పోయిందని ఇంకెవరూ వెళ్లకూడదా? ఈ కాగితాలన్నీ అయ్యేసరికి కాయ కాలం దాటిపోతుంది. ఆ పదకొండు మందీ పెద్ద కంపెనీ సీసా కొనుక్కుంటారు. రూల్సు చెప్పి చెప్పి చిన్నవాళ్లను ఊరు దాటనివ్వరు మీరు. నేనూ చిన్నవాణ్ణే. అద్దె కట్టాలి, ఇద్దరు కుర్రాళ్లకి జీతాలివ్వాలి.

లెక్కల_మాస్టారు:
వెళ్లొద్దని నేనెక్కడా అనలేదు. ఒక్కటే అడుగుతాను. పెట్టె ఆగిపోతే సగం నష్టం మీరు భరిస్తానని కాగితం మీద రాసిస్తారా?

పార్శిల్_శేషు:
కొరియర్ చార్జీ తిరిగిస్తాను. సరుకు ఖరీదు రాసివ్వలేను మాస్టారూ. నాకంత లేదు.

లెక్కల_మాస్టారు:
నిజం చెప్పావు తమ్ముడూ. ఆవిడకీ అంత లేదు. నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

విశాఖ_రమణి:
సుజాత గారూ, ఐఈసీ, ఎఫ్‌డీఏ నమోదు ఉన్న ఎగుమతిదారుకు ఇక్కడే అమ్మండి. మా అక్క పొడులు అలాగే వెళ్తున్నాయి. కేజీకి తక్కువే వస్తుంది. డబ్బాపై మీ పేరుంటుందో లేదో ముందే మాట్లాడుకోండి. మా అక్క మాట్లాడుకోలేదు, ఇప్పుడు బాధపడుతోంది.

సుజాత_తెనాలి:
అందరివీ చదివాను. మా ఆయన వద్దన్నది కస్టమ్స్ గురించి కాదు. పాప ఫీజుకు దాచిన 60 వేలు కాయకి అడ్వాన్సు ఇద్దామన్నాను, అక్కడ వచ్చింది గొడవ. పెట్టె ఆగితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తావని ఆయన అడిగితే, నేను కొరియర్ అబ్బాయి చెప్పిన మాటే చెప్పాను. అతను రాసిస్తాడా అని అడగలేదు.
ఎప్పటిలాగే 300 కాయ, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి, చెప్పేశాను. ఐఈసీకి ఇవాళ దరఖాస్తు పెట్టాను. రమణి గారూ, ఆ ఎగుమతిదారు దగ్గరకు మీ అక్కతో కలిసి వెళ్లాలని ఉంది, అడిగి చెప్పండి. ఆ పదకొండు మందికీ ఈ ఏడు పంపలేనని, ఎందుకో కూడా, రాత్రి కూర్చుని మెసేజీలు పెట్టాను. ఇద్దరు కోపం చేసుకున్నారు. డాలస్ కోడలు గారూ, పచ్చడిపైన అంగుళం మందాన నూనె నిలవనిదే నేను మూత పెట్టను, కారినా సరే. శేషు తమ్ముడూ, హైదరాబాద్ పెట్టెలు ఆరున్నాయి, రేపు పదింటికి కుర్రాణ్ణి పంపు.