ఇంటి షెడ్డులో టైరు ఛేంజర్, బ్యాలెన్సింగ్ మెషిన్: రెండూ అవసరమా, ఒకటైతే ఏది?

ప్రశ్న (అమలాపురం వైపు నుంచి)

అందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలోని ఒక పల్లెటూరు. అన్నదమ్ముల ఇళ్లన్నీ ఒకే దొడ్లో ఉండడం వల్ల మా వాకిట్లో మూడు కార్లు, ఒక బొలేరో, కొన్ని మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు, దాని ట్రక్కు ఉంటాయి. కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డులో సగభాగం ఇప్పుడు ఖాళీగా ఉంది. అక్కడ టైర్లు విప్పి ఎక్కించే యంత్రం, చక్రాల బ్యాలెన్సింగ్ యంత్రం (చక్రం బరువు చుట్టూ సమంగా ఉందో లేదో చూసేది) పెట్టుకోవాలని ఆలోచిస్తున్నాము. ఈ మధ్య ఒక పంక్చర్ షాపులో లివర్లతో టైరు విప్పినప్పుడు అల్లాయ్ చక్రం అంచు పొడుగునా గీతలు పడ్డాయి. అదే కారు ఊళ్లో బాగానే నడుస్తుంది గాని, రావులపాలెం దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం 90 దాటగానే స్టీరింగు వణుకుతోంది. మా ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటు. కార్ల, బొలేరో చక్రాలన్నీ 14 నుంచి 16 అంగుళాల లోపువే. ఏ రకం యంత్రం తీసుకోవాలో, ట్రాక్టరు టైర్లు కూడా దానిమీదే విప్పవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (తణుకు నుంచి, మెకానిక్)

ముందుగా ట్రాక్టరు సంగతి తేల్చేస్తాను. ఆ టైర్లను ఈ యంత్రం దగ్గరకు తీసుకురావద్దు. వెనుక చక్రం దీనిమీద పట్టదు. ట్రక్కు చక్రాలకు చాలావాటికి విడిగా వచ్చే ఇనుప రింగు ఉంటుంది. ఆ రింగు సరిగా కూర్చోకుండా గాలి నింపితే అది ఎగిరివచ్చి మనిషిని చంపేస్తుంది. ఆ పని ఇనుప బోను పెట్టుకుని చేసే లారీ టైర్ల షాపువాళ్లకే వదిలేయండి.

కార్లు, బొలేరో విషయానికి వస్తే, మీ చక్రాలకు పక్కకు తిరిగే చేయి ఉన్న సాధారణ టైరు ఛేంజర్ చాలు. స్తంభం మొత్తం వెనక్కి వాలే రకం వాడుకకు సుఖమే గాని, దానికి వెనుక ఖాళీ వదలాలి, ధర కూడా ఎక్కువ. పక్కగోడ ఎత్తు తక్కువగా ఉండే బిగువు టైర్లను ఎక్కించేవారికి అదనపు సహాయక చేయి తప్పదు. మీ టైర్లు అటువంటివి కావు కనుక దానికి డబ్బు పెట్టనక్కరలేదు. ఆ డబ్బుతో అల్లాయ్ చక్రాలకు వేసే ప్లాస్టిక్ తొడుగులు, అంటే చక్రాన్ని పట్టే దవడలకూ, టైరును లేపే కొక్కానికీ, బీడ్ (రిమ్ముకు అతుక్కునే టైరు అంచు) విడదీసే పలకకూ వేసేవి, రెండేసి జతలు తీసుకోండి. అవి అరిగిపోయినా మార్చకుండా పని చేయడం వల్లనే సగం చక్రాలకు గీతలు పడుతున్నాయి.

యంత్రం ఎంత మంచిదైనా పని తెలియాలి. టైరు ఎక్కించేటప్పుడు కొక్కం దగ్గర ఒకవైపు అంచు లోపలికి జారుతుంటే, దానికి ఎదురువైపు అంచును చక్రం మధ్యలో ఉండే పల్లంలోకి చేత్తో నొక్కి పట్టుకోవాలి. ఆ పల్లం ఉన్నదే అందుకు. నొక్కకుండా మోటారు తిప్పితే బీడ్ లోపలి తీగ తెగవచ్చు, పైకి మాత్రం ఏమీ కనబడదు. కొక్కానికీ రిమ్ముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి. బీడ్ విడదీసే పలకను వాల్వుకు దూరంగా పెట్టండి, ఎందుకంటే కొన్ని కొత్త కార్లలో గాలి ఒత్తిడి చెప్పే సెన్సారు ఆ వాల్వుకే ఉంటుంది. అంచులకు టైర్ల పేస్టే రాయాలి. గ్రీజు, డీజిలు రాస్తే రబ్బరు పాడవుతుంది. చివరగా, బీడ్ కూర్చోవడానికి గాలి 40 పీఎస్ఐ దాటనివ్వవద్దు. అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసేసి, మళ్లీ పేస్టు రాసి మొదలుపెట్టాలి. ఇంకొంచెం గాలి కొడదాం అనే తొందర ఈ వృత్తిలో వేళ్లు తీసేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, ముందు ఛేంజర్, మంచి కంప్రెసర్ తీసుకోండి. టైరు ఎక్కించిన చక్రాన్ని డిక్కీలో వేసుకుని వెళ్లి పట్నంలో బ్యాలెన్స్ చేయించుకోవడం పెద్ద పని కాదు. రెండూ కలిపి కొంటే ఖర్చు లక్ష దాటుతుంది. మీ ఇంటి బండ్ల మీద అది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

జవాబు 2 (భీమవరం నుంచి)

తణుకు మెకానిక్ గారు చెప్పిన దానిలో చివరి మాట ఒక్కటే నాకు అంగీకారం కాదు. ప్రశ్న వేసినవారి అసలు బాధ స్టీరింగు వణుకు. చక్రాన్ని బ్యాలెన్స్ చేస్తే టైరు విప్పకుండానే అది తీరవచ్చు. పట్నంలో బ్యాలెన్స్ చేయించినా వణుకు పోకపోతే, పొరపాటు ఎక్కడ జరిగిందో మనకు తెలిసే దారి లేదు. (కారు ఒక పక్కకు లాగితే అది అలైన్‌మెంటు (చక్రాలు నిలిచే కోణాల) సమస్య కావచ్చు, బ్యాలెన్స్ దానిని తీర్చదు.)

మోటారు లేకుండా చేత్తో తిప్పే బ్యాలెన్సింగ్ యంత్రాలు ఉన్నాయి. అవి తక్కువ వేగంలోనే చక్రం లోపలి అంచుకూ బయటి అంచుకూ విడివిడిగా ఎన్ని గ్రాముల వెయిట్ కావాలో చూపిస్తాయి. నీటి బుడగతో చూసే పాత పద్ధతిలో ఈ రెండు వైపుల తేడా తెలియదు. సన్నని మోటారు సైకిల్ చక్రానికి అది చాలు గాని కారుకు చాలదు.

ఫలితం సరిగా రావడం మోటారు మీద కంటే చక్రాన్ని కోను (యంత్రం షాఫ్టు మీద ఉండి చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే శంకువు) మీద ఎలా బిగించాము అన్నదానిమీదే ఆధారపడుతుంది. కొనే ముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. ఒక చక్రాన్ని రెండు వైపులా సున్నా వచ్చేదాకా బ్యాలెన్స్ చేయించండి. తరువాత బిగింపు వదులు చేసి, కోను కదలకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి చూడండి. సున్నాయో ఐదు గ్రాములో చూపిస్తే మంచిదే. ఇరవై, ముప్పై చూపిస్తే కోను గాని షాఫ్టు గాని సరిగా లేదు, ఆ యంత్రం వద్దు. మధ్య రంధ్రం లోపలివైపు నునుపుగా ఉండే చక్రాలకు కోనును వెనుకవైపు నుంచి పెట్టించి కూడా చూడండి.

మా రొయ్యల చెరువుల వైపు ఇంకొక సంగతి ఉంది. ఉప్పునీటి గట్ల మీద తిరిగిన ఇనుప చక్రాలకు బీడ్ కూర్చునేచోట తుప్పు పొరలుగా లేస్తుంది. పంక్చరు లేకుండానే వారానికోసారి గాలి దిగిపోతుంటే అక్కడ చూడండి. టైరు విప్పినప్పుడే వైరు బ్రష్షుతో గీకి శుభ్రం చేయాలి. అంటించే వెయిట్లు పెట్టే చోటును కూడా తుడిచి పూర్తిగా ఆరనివ్వకపోతే, అవి మొదటి వానకే ఊడిపోతాయి.

జవాబు 3 (రాజమహేంద్రవరం నుంచి, ఎలక్ట్రికల్ పని)

యంత్రం ఎంపిక మీద పై ఇద్దరూ చెప్పారు కనుక కరెంటు, గాలి, నేల గురించి చెబుతాను.

సింగిల్ ఫేజ్ మోటారు ఉన్న టైరు ఛేంజర్లు దొరుకుతాయి. అయితే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సాయంత్రం వేళ దీపాలు మసకబారే ఊరి చివరి లైన్లలో ఛేంజరూ కంప్రెసరూ ఒకేసారి నడపకండి. మీటరు దగ్గరి నుంచి విడిగా మందమైన తీగ, విడి బ్రేకరు, సరైన ఎర్త్ వేయించండి. పొలం మోటారుకు ఉన్న త్రీ ఫేజ్ నుంచి తీగ లాగుదామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అది వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్, ఇతర పనులకు వాడడం నేరం.

ఛేంజరు దవడలు, బీడ్ విడదీసే సిలిండరు పనిచేయడానికి 8 బార్ వరకు ఒత్తిడితో గాలి కావాలి. చక్రాలకు గాలి కొట్టే చిన్న పంపు అందుకు పనికిరాదు. ట్యాంకు ఉన్న రెండు హార్స్ పవర్ కంప్రెసర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. మన డెల్టాలో గాలి నిండా తేమే. సాయంత్రం ట్యాంకు కింది కుళాయి విప్పితే తుప్పు రంగు నీళ్లు జారతాయి. వాటిని రోజూ వదలకపోతే ట్యాంకు లోపలి నుంచి తినేస్తుంది, ఆ నీరే ఛేంజరు సిలిండర్లలోకి కూడా వెళ్తుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరిగా పెట్టించండి.

నేల మాటకొస్తే, మనది వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే నల్లమట్టి. పాత గచ్చు మీద బ్యాలెన్సింగ్ యంత్రం పెడితే నేల కదిలినప్పుడల్లా అంకెలు మారతాయి. విడిగా కాంక్రీటు దిమ్మె పోయించి, బోల్టులతో బిగించి, ఆ తరువాతే యంత్రంతో ఇచ్చే తూకంతో కాలిబ్రేషన్ చేయండి (అంటే అంకెలు సరిగా చూపేలా సరిచేయండి).

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. ఛేంజరు, కంప్రెసర్ ఈ సీజనుకు తీసుకుని, చేత్తో తిప్పే బ్యాలెన్సరును భీమవరం వారు చెప్పిన పరీక్ష చేసి చూశాకే తీసుకోవాలని ఇంట్లో అనుకున్నాము. దిమ్మె ఎత్తు ఎంత ఉండాలో చెప్పగలరా? 2022 జులై వరదకు షెడ్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి.

జవాబు 3 (రాజమహేంద్రవరం నుంచి)

ఛేంజరు మోటారు, పెడళ్లు, గేర్ పెట్టె అన్నీ అడుగునే ఉంటాయి. మోకాలి ఎత్తు దిమ్మె మీద పెడితే పెడలు తొక్కడానికి, చక్రం ఎత్తి పెట్టడానికి వీలుండదు. అందుకని ఛేంజరును జానెడు ఎత్తులోనే పెట్టి, మోటారు విప్పడానికి వీలుగా తీగను ప్లగ్గుతో కలపండి. వరద హెచ్చరిక రాగానే మోటారును, బ్యాలెన్సరు తలను విప్పి అటక మీదకు చేర్చవచ్చు. స్విచ్ బోర్డును మాత్రం మొదటి నుంచే ఛాతీ ఎత్తులో పెట్టించండి.