రీగల్ ఏంజెల్ చేప తిండి ముట్టడం లేదు, ఏం చేయాలి?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. ఇంట్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియంలోకి ఈమధ్యే ఒక రీగల్ ఏంజెల్ వచ్చింది. పసుపు ఒంటి మీద నల్లంచు ఉన్న తెలుపు, నీలం చారలు, ఛాతీ దగ్గర నారింజ రంగు. పసిఫిక్ వాటికి అక్కడ బూడిద రంగు ఉంటుంది కాబట్టి ఇది హిందూ మహాసముద్రం వైపుదే అనుకుంటున్నాను.

సమస్యంతా తిండితోనే. పగడపు దిబ్బల్లో ఇవి ఎక్కువగా స్పాంజీలు, ట్యూనికేట్లు (రాళ్లకు అంటుకుని ఉండే సముద్ర జీవులు) తిని బతుకుతాయి కదా, మనం వేసే గుళికల వంక కూడా చూడటం లేదు. ఫ్రోజెన్ ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న ఉప్పునీటి జీవులు) వేస్తే నోట్లోకి తీసుకుని, కాస్త నమిలి ఉమ్మేస్తుంది. వెంటనే రాళ్ల వెనక్కి పోతుంది. ఊపిరి మామూలుగానే ఉంది, తెల్ల మచ్చల్లేవు, కానీ పొట్ట లోపలికి పోతోంది. అదే టెన్షన్. నీళ్లు 26 డిగ్రీలు, సాంద్రత 1.025.

చిప్ప తెరిచిన పచ్చి ఆలిచిప్పను ట్యాంకులో పెడితే ఇవి పొడుచుకుని తింటాయట. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్నవి నేరుగా పెట్టొచ్చా, ముందు ఫ్రీజర్‌లో ఉంచాలా? స్పాంజి కలిపిన ఫ్రోజెన్ ఫుడ్ మన ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుందా? అదే ట్యాంకులో ఉన్న క్లౌన్ ఫిష్‌లను కొన్నాళ్లు వేరే ట్యాంకులోకి మార్చమంటారా? ఈ చేపను పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి త్వరగా చెప్పండి.