సమస్య: “కన్ను మూయ చుక్క కానవచ్చె”

చుక్కలపందిరి:
ఈ వారం ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి: “కన్ను మూయ చుక్క కానవచ్చె”. విషయం పల్లెటూరి రాత్రి ఆకాశం. కన్ను మూస్తే చుక్కెలా కనబడుతుందన్నదే చిక్కు, అది ఎవరి కన్నో మీరే తేల్చాలి. కలలో కనబడిందని రాసి తప్పించుకోవద్దు, ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ దారే పడుతున్నారు.

మాగాణి:
వీధి దీప మొకటి వెలుగుచు నుండగా
మిణుకు కూడ లేదు మింటిలోన
తీగ తెగిన వేళ దీపమ్ము తనదైన
కన్ను మూయ చుక్క కానవచ్చె

చుక్కలపందిరి:
కన్ను దీపానిదన్నమాట, బాగుంది. ఊరంతా లైన్‌మన్ కోసం తిరుగుతుంటే మీరు డాబా ఎక్కి పద్యం కట్టుకున్నారు! యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జతలు, సరిపోయాయి; తీ–దీ ఒకే వర్గం అక్షరాలు కాబట్టి వర్గయతి. ఒక్కటే పేచీ. ఒక్క దీపం వెలిగితే ఆకాశమంతా ఖాళీ అయిపోదు కదా, దాని కిందే నిలబడితే మాత్రం కంటిపాప చిన్నదైపోయి ఏమీ కనబడదు. ‘దీప మొకటి’ తీసేసి ‘దీప మెదుట’ అనండి, గణం, అంటే గురులఘువుల లెక్క, చెడదు, మాటా నిజమవుతుంది. ‘తనదైన’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది.

మాగాణి:
‘ఎదుట’ తీసుకున్నా. ‘తనదైన’ జోలికి రాకండి, దానికోసం గంట కూర్చున్నాను.

పొద్దుతిరుగుడు:
చేనిగట్టు మీద సెల్లు దీపము నార్పి
పావుగంట సేపు పవ్వళించి
కాంతి సోకకుండ కాసేపు రెప్పతో
కన్ను మూయ చుక్క కానవచ్చె

గొల్లకావడి:
నాకిదే నచ్చింది, ఇందులో చమత్కారమేమీ లేదు, నిజంగా జరిగేదే రాశారు. కానీ పావుగంట చాలదండీ. వెలుతురులోంచి వచ్చిన కన్ను చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి, మధ్యలో ఎవరైనా వాట్సాప్ తెరిచారా, మళ్లీ మొదటికే. “అర్ధగంట యచట హాయి నొరిగి” అని మార్చి చూడండి, అ–హా యతి చెల్లుతుంది. అన్నట్టు, కన్ను రెప్పతో కాక దేనితో మూస్తారు?

పొద్దుతిరుగుడు:
హహ, రెప్ప లేకపోతే పాదం నిండలేదు. అర్ధగంట ఖాయం. కార్తీకం చివర, అమావాస్య దగ్గర్లో మా చేలో పడుకుని చూస్తే పిల్లలకోడి, అదే కృత్తికలు, ముందు చిన్న పొగమరకలా ఉంటుంది, కన్ను కుదిరాక ఒక్కో పిల్లా విడివడి ఆరు దాకా లెక్కకొస్తాయి. గుచ్చి చూడకుండా చూపు కాస్త పక్కకి పెడితే ఆ మసక ఇంకా తేటగా తెలుస్తుంది. టార్చి తప్పదనుకుంటే ఎర్ర కాగితం చుట్టుకోండి.

పాతపంచాంగం:
హరికి కన్నులనగ నర్కచంద్రులు గాదె
అడ్డు పడియె చంద్రు డర్కునకును
పట్టపగలు శౌరి పద్మాప్తుడను పెద్ద
కన్ను మూయ చుక్క కానవచ్చె

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం తలుచుకుని రాశాను. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ గ్రహణపు నీడ నడిచిన దారిలోనే ఉంది. శౌరి అంటే హరే, అర్కుడన్నా పద్మాప్తుడన్నా సూర్యుడే, చుక్కంటే ఇక్కడ శుక్రుడు.

చుక్కలపందిరి:
పూరణగా గట్టిది, చిక్కు బాగా విడదీశారు. అర్కుడు రెండుసార్లు వచ్చాడు, సూర్యుడికే మరో పేరుతో ‘ఇనునకు’ అందామంటే ‘అడ్డు’తో యతి కుదరదు, అందుకని అలాగే ఉండనివ్వండి. కానీ పల్లెటూరి రాత్రి అడిగితే పట్టపగలు తెచ్చారు! ఈసారి నా ఓటు పొద్దుతిరుగుడుకే, అర్ధగంట సవరణతో.