పిన్ను చుట్టూ పాలిమర్ ద్రవం: 0.7 దగ్గర సిమ్యులేషన్ పేలిపోతోంది

హనుమకొండ_మెష్:
అన్నలూ, అక్కలూ, ఎంటెక్ ప్రాజెక్టులో ఇరుక్కున్నా. చానల్ మధ్యలో గుండ్రటి పిన్ను, చానల్ వెడల్పు పిన్ను వ్యాసానికి రెండింతలు. ఓపెన్‌ఫోమ్‌లో (ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) ఓల్డ్‌రాయిడ్-బి మోడల్, అంటే పాలిమర్ గొలుసుల్ని స్ప్రింగుల్లా చూసే మోడల్; మొత్తం చిక్కదనంలో సాల్వెంట్ వాటా 0.59. వెయిసెన్‌బర్గ్ సంఖ్య (ప్రవాహంలో ఎలాస్టిసిటీ ఎంత బలంగా ఉందో చెప్పేది) 0.5 దాకా బాగానే నడుస్తోంది, 0.7కి రాగానే స్ట్రెస్ ఎక్కడికో పోతోంది, మెష్ (లెక్క కోసం చేసే గడుల వల) సన్నగా చేస్తే ఇంకా తొందరగా పోతోంది. శుక్రవారం గ్రాఫులు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_అక్క:
తమ్ముడూ, ముందు ఎలాస్టిసిటీ తీసేసి మామూలు న్యూటోనియన్ ద్రవంతో నడుపు. ఈ జామెట్రీకి డ్రాగ్ (పిన్నుని ద్రవం లాగే బలం, యూనిట్లు లేని అంకెగా) 132.36 రావాలి. నాకు మొదట్లో తక్కువ వచ్చింది, చూస్తే పిన్ను గోడకు ఆనుకున్న గడులు మరీ పెద్దవి. స్ట్రెస్ అంతా ఆ పల్చటి పొరలోనే ఉంటుంది, అదీ ఎక్స్‌పోనెన్షియల్‌గా పెరుగుతుంది, మామూలు స్కీము దాన్ని పట్టుకోలేదు. 2004లో ఫట్టాల్, కుప్ఫర్‌మన్ చెప్పిన లాగ్-కన్ఫర్మేషన్ పద్ధతి వాడు, అందులో గొలుసుల సాగుదలకి బదులు దాని లాగరిథమ్‌ని లెక్కిస్తారు; ఓపెన్‌ఫోమ్‌కి జోడించే రియోటూల్‌లో రెడీగా ఉంది.

మడికొండ_మౌల్డర్:
మాది మౌల్డింగ్ షాపు. పాలీప్రొపిలీన్ మూతలో బోల్టు రంధ్రం కోసం పెట్టిన పిన్ను దగ్గర ద్రవం రెండు పాయలుగా చీలి, వెనక కలిసిన చోట వెల్డ్ లైన్ పడేది. గోరుతో గీస్తే ఆ గీత తగిలేది, వంచితే సరిగ్గా అక్కడే విరిగేది. మాకు ఎలాస్టిసిటీ లేకుండా చిక్కదనాన్ని మాత్రమే లెక్కించే క్రాస్-డబ్ల్యూఎల్ఎఫ్ మోడల్ సరిపోయింది, ఎందుకంటే పాయలు కలిసేటప్పుడు వేడి ఎంత ఉందో తెలిస్తే చాలు. మెల్ట్, మౌల్డ్ రెండింటి వేడీ పెంచి, గేటు జరిపాక విరగడం తగ్గింది.

కరీంనగర్_రియాలజీ:
అక్క చెప్పింది కరెక్టే, కానీ లాగ్ పెట్టినా 0.7 దగ్గర పిన్ను వెనక స్ట్రెస్ మెష్ మార్చినప్పుడల్లా మారుతుంది. అది మోడల్‌లోనే ఉన్న లోపం: ఓల్డ్‌రాయిడ్-బిలో గొలుసులు ఎంతైనా సాగుతాయి, సాగే రేటుని రిలాక్సేషన్ టైముతో గుణిస్తే 0.5 దాటిందంటే నిలకడ స్ట్రెస్‌కి హద్దు ఉండదు. అసలు కరిగిన ప్లాస్టిక్ అలా ఉండదు. స్ట్రెస్‌కి హద్దు పెట్టే మోడళ్లు, గీసెకస్ గానీ పీటీటీ గానీ తీసుకో. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథిలీన్) అయితే దాని పొడవైన కొమ్మల వల్ల సాగదీసే కొద్దీ బిగుస్తుంది, దానికి 1998లో మెక్‌లీష్, లార్సన్ ఇచ్చిన పామ్-పామ్ మోడల్ చూడు.

హనుమకొండ_మెష్:
అక్కా, గోడ దగ్గర గడులు సన్నగా చేశాక 132.3 వచ్చింది! లాగ్ పెట్టి 0.6 దగ్గర నడిపితే డ్రాగ్ 117.8. గీసెకస్‌తో 1 దాకా పోయింది, పిన్ను వెనక దారం లాంటి స్ట్రెస్ గీత స్పష్టంగా కనిపిస్తోంది.

కాజీపేట_అక్క:
117.8 సరైనదే తమ్ముడూ. ఆ గీత మందాన్ని రెండు మెష్‌లలో కొలిచి పక్కపక్కన పెట్టు, శుక్రవారం మొదట అడిగేది అదే.