అప్‌డేట్: నా రక్తపిశాచి డిటెక్టివ్‌కి ఊరు దొరికింది

పోయిన నెల అడిగాను కదా, నవ్విస్తూ సాగే చారిత్రక డిటెక్టివ్ కథలో నేరం తేల్చేవాడే రక్తపిశాచి అయితే, ఏ కాలంలో, ఎక్కడ పెట్టాలని. లండన్ వద్దు, ఆస్ట్రియా మహారాణి మరియా థెరిసా కాలం చూడమన్నవాళ్లకి వెయ్యి దణ్ణాలు.

1755 ఖాయం. ఆ ఏడాది మధ్య యూరప్‌లో సైలీషియా, మొరావియా ప్రాంతాల సరిహద్దులోని హెర్మెర్స్‌డార్ఫ్‌లో ఓ ఆడమనిషి శవాన్ని పిశాచమని తవ్వితీసి కాల్చేశారు. మహారాణి తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్‌ని సంగతి తేల్చమంది. గాలి ఆడకపోతే శవం త్వరగా కుళ్ళదని ఆయన నివేదిక రాశాడు. శవాలను తవ్వడం, పొడవడం, కాల్చడం ఆమె నిషేధించింది. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది!

అంటే మావాడికి పిశాచాలు లేవని నిరూపించడమే ప్రాణరక్షణ. కథకి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి అధ్యాయం అయింది. పెట్టె మూత తీశారు. "పెదాల మీద తాజా రక్తం!" అని కాటికాపరి కేక. మావాడు వంగి వాసన చూసి, "చెర్రీ రసమండీ. రక్తమైతే నాకు తెలీదా?" అనేసి నాలిక కరుచుకున్నాడు. లాంతరు పట్టుకున్న ఫాదర్ మెల్లగా అతని వైపు తిరిగాడు.

రెండో అధ్యాయం ఈ రాత్రికే మొదలుపెడుతున్నా.