కాంపిలోగ్నాథాయిడీజ్: గకారం ముందుదా, వెనుకదా?

హనుమకొండ సభ్యురాలు: ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలాస్తరాల్లో దొరికిన, ఎగిరే సరీసృపానిదిగా గుర్తించిన దవడ ముక్కకు 1974లో ‘కాంపిలోగ్నాథాయిడీజ్ ఇండికస్’ అని పేరు పెట్టారు. పిల్లల గోడపత్రికలో ఈ మాట పంక్తి చివర విరుగుతోంది. ‘కాంపిలో–గ్నాథా’ అని విరవాలా, ‘కాంపిలోగ్–నాథా’ అనా? తేల్చి పలికితే లఘువు, ఊది పలికితే గురువు అనే సూత్రమేదో సగం గుర్తొచ్చి వేధిస్తోంది.

కరీంనగర్ సభ్యుడు: అది ‘అద్రుచు’ వంటి తెలుగు మాటల్లోని రేఫ సంయోగానికి చెప్పిన నియమం, గకార నకారాలకు వర్తించదు. గ్రీకులో ‘కాంపిలోస్’ అంటే వంకర, ‘గ్నాథోస్’ అంటే దవడ కనుక ‘లో’ దగ్గర విరవడమే న్యాయం.

జనగామ సభ్యుడు: అర్థం వేరు, ఉచ్చారణ వేరు. మా బమ్మెర పోతన ‘పలికించెడివాడు రామభద్రుండట’ అన్నచోట భకారం హ్రస్వమే అయినా, వెనుకనున్న దకారం దానికి ఆనడం వల్లనే గురువై, ‘భద్రుం’ రెండు గురువులతో కందంలో ఒదిగింది. రాతలో ‘ద్రుం’ ఒకే అక్షరం, చెవికి మాత్రం ‘భద్–రుం’. ఆ పాదాన్ని గొంతెత్తి చదివితే పోతన చెవి ఎంత సూక్ష్మమో తెలుస్తుంది.

కరీంనగర్ సభ్యుడు: పోతన భకారం హ్రస్వం. ఇక్కడి ‘లో’ దీర్ఘం; గకారం ఆనినా ఆనకున్నా అది గురువే కనుక ఛందస్సు ఏమీ తేల్చదు.

మంచిర్యాల సభ్యురాలు: ఆ దీర్ఘం మన రాత చేర్చినది. గ్రీకులో అది ఒమిక్రాన్, హ్రస్వ ఒకారమే. పైగా ఇది సమాసం. ఆంగ్లంలో ‘గ్నాథిక్’ (దవడకు సంబంధించిన)ను ‘నాథిక్’ అనే పలుకుతారు. ముందు అచ్చు చేరగానే అదే గకారం ‘ప్రాగ్నథస్’ (దవడ ముందుకు పొడుచుకొచ్చిన)లో వినిపిస్తుంది. ‘టెరోసార్’ (ఎగిరే సరీసృపం)లో మూగబోయిన పకారం ‘ఆర్కియాప్టెరిక్స్’ (పురాతన పక్షి)లో పలకడం కూడా ఇందుకే. కనుక ‘కాం–పి–లాగ్–న–థాయ్–డీజ్’ అనాలి. చివర ‘డ్స్’ అనకూడదు.

వరంగల్ సభ్యుడు: గ్నాథోస్‌కు చుట్టమైన గ్రీకు ‘గెనుస్’, సంస్కృత ‘హను’ ఒకే మూలానివని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. హనుమంతుని పేరులోనూ, హనుమకొండ పేరులోనూ ఉన్నది ఆ దవడేనని నా నమ్మకం.

కరీంనగర్ సభ్యుడు: శాసనాల్లో ‘అనుమకొండ’ అని ఉంది. ముందు ఆ హకారం ఎక్కడిదో చెప్పండి.

హనుమకొండ సభ్యురాలు: మాట విరగకుండా పంక్తిని కుదించాను. పిల్లలచేత మాత్రం ‘లాగ్’ అనే పలికించాలనుకుంటున్నాను. కరీంనగర్ వారికి అభ్యంతరముంటే, అర్థాన్ని బట్టి కాక ఉచ్చారణను బట్టి కారణం చెప్పవలసిందిగా కోరుతున్నాను.